అండమాన్‌లో తక్కువ ఖర్చుతో ఎక్కడ దిగాలి: పోర్ట్ బ్లెయిరా, హావ్‌లాకా, నీలా?

అండమాన్ వెళ్ళాలనుకునేవాళ్ళు మొదట అడిగే ప్రశ్న "రూము ఎంతకు దొరుకుతుంది?" అని. నన్నడిగితే అది మూడో ప్రశ్న. మొదటిది ఏ రోజు ఏ ఫెర్రీ ఎక్కుతున్నారు, రెండోది సాయంత్రం ఐదింటికి మీరు ఎక్కడ ఉండాలనుకుంటున్నారు. ఈ రెండూ తేలితే రూము ఎక్కడ తీసుకోవాలో దానంతట అదే తేలిపోతుంది. ఇవి తేల్చుకోకుండా ఆన్‌లైన్‌లో చవగ్గా కనిపించింది కదా అని రూము బుక్ చేసేస్తే, అక్కడ మిగిలిన మూడు నాలుగు వందలు ఆటోలకీ, అందకుండా పోయిన బోటుకీ, ఇంకో రాత్రి అద్దెకీ పోతాయి. ఇవి ద్వీపాలు: పోర్ట్ బ్లెయిర్ ముఖ్యపట్టణం, విమానం దిగేది అక్కడే, హావ్‌లాక్, నీల్ అక్కణ్ణుంచి బోటులో వెళ్ళే వేరే ద్వీపాలు. పక్క ఊళ్ళో దిగి బస్సెక్కి వచ్చేద్దాం అనుకోవడానికి లేదు, మధ్యలో సముద్రం ఉంది.

ముందు పేర్ల సంగతి, ఎందుకంటే టికెట్లు బుక్ చేసేటప్పుడు చాలామంది తికమక పడుతున్నారు. పోర్ట్ బ్లెయిర్ పేరు 2024 సెప్టెంబరులో శ్రీ విజయ పురం అయింది. హావ్‌లాక్ 2018 డిసెంబరు నుంచి స్వరాజ్ ద్వీప్, నీల్ షహీద్ ద్వీప్. టికెట్ల మీద కొత్త పేర్లు ఉండొచ్చు, ఆటోవాళ్ళూ హోటలువాళ్ళూ మాత్రం పాత పేర్లే అంటారు, నేను కూడా ఇక్కడ పాత పేర్లే వాడుతున్నా.

హైదరాబాదు నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు నేరుగా విమానాలు నడుస్తుంటాయి, అవి కుదరకపోతే చెన్నై మీదుగా వెళ్ళొచ్చు. విశాఖ నుంచి ఓడ కూడా ఉంది, దాదాపు నెలకొకటి, రెండున్నర రోజుల ప్రయాణం. ఓడ చవక కదా అని చాలామందికి ఆశ ఉంటుంది. బంక్ క్లాసు టికెట్ నిజంగానే విమానం కంటే బాగా తక్కువ. కానీ బయల్దేరే తేదీ చాలా ముందుగా చెప్పరు, చెప్పాక కూడా మారొచ్చు, తిరుగు ఓడ మీ సెలవులకు సరిపోయేలా దొరకడం ఇంకా కష్టం. చేతిలో రెండు మూడు వారాలు ఉండి, సముద్రం మీద తలతిరుగుడు రానివాళ్ళకు అది మంచి అనుభవమే. వారం సెలవు పెట్టుకున్న ఉద్యోగస్తులు మాత్రం విమానం టికెట్ రెండు మూడు నెలల ముందు కొనుక్కోవడమే నిజమైన పొదుపు.

ముందు ఫెర్రీ, తర్వాతే రూము

పోర్ట్ బ్లెయిర్ నుంచి హావ్‌లాక్‌కి, నీల్‌కి రెండు రకాల బోట్లు ఉంటాయి. ప్రభుత్వ ఫెర్రీలు ఫీనిక్స్ బే జెట్టీ నుంచి బయల్దేరతాయి, హావ్‌లాక్‌కి రెండున్నర గంటలు పట్టొచ్చు. ప్రైవేటు కెటమరాన్లు, అంటే రెండు అడుగుభాగాల వేగపు బోట్లు, హడ్డో వైపు నుంచి వెళ్తాయి, వాటిలో వేగంగా వెళ్ళేవి గంటన్నరలో దించేస్తాయి. ప్రైవేటు టికెట్ మనిషికి వెయ్యి దాటే ఉంటుంది, సీటుని బట్టి రెండు వేల దాకా వెళ్తుంది. ప్రభుత్వ ఫెర్రీ దానికంటే చాలా తక్కువ. నలుగురున్న కుటుంబం పోర్ట్ బ్లెయిర్, హావ్‌లాక్, నీల్, మళ్ళీ పోర్ట్ బ్లెయిర్ అని మూడు బోట్లు ఎక్కితే, ఈ తేడా ఒక్కటే నాలుగైదు రాత్రుల మామూలు రూము అద్దెకు సమానం అవుతుంది. అందుకే రూము దగ్గర రెండు వందలకు బేరమాడే ముందు ఇక్కడ ఆలోచించమంటాను.

అలాగని ప్రభుత్వ ఫెర్రీ అందరికీ కుదరదు. టికెట్లు కొద్ది రోజుల ముందే అమ్మకానికి వస్తాయి, సీజనులో త్వరగా అయిపోతాయి, ద్వీపంలో ఉండేవాళ్ళకు అదే బస్సు లాంటిది కాబట్టి వాళ్ళకు ముందు అవకాశం ఉండటం న్యాయమే. మరి ఏం చేయాలి? నేను చెప్పేది ఇది. వెళ్ళే బోటు ప్రైవేటులో ముందే బుక్ చేసుకోండి, ఎందుకంటే మిగతా ప్రయాణమంతా దాని మీదే నిలబడి ఉంటుంది. హావ్‌లాక్ నుంచి నీల్‌కి మధ్యలో ఉండే గంట ప్రయాణానికి ప్రభుత్వ ఫెర్రీ కోసం ప్రయత్నించండి. అక్కడ ఒకపూట అటూ ఇటూ అయినా పెద్ద టెన్షన్ లేదు. పైగా ప్రభుత్వ బోట్లలో బయటికొచ్చి డెక్ మీద నిలబడొచ్చు. ప్రైవేటు వాటిలో చాలావరకు ఏసీ హాల్లో అద్దాల వెనక కూర్చోవాల్సిందే, వాంతులు వచ్చేవాళ్ళకు గాలి తగలక ఇంకా ఇబ్బంది. మాత్ర బోటు ఎక్కడానికి అరగంట ముందే వేసుకోవాలి, కదిలాక వేసుకుంటే ప్రయోజనం తక్కువ.

ఇంకో మాట, దీన్ని మాత్రం ఎవరు కాదన్నా ఒప్పుకోను. తిరుగు విమానానికి ముందు రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండాలి. పొద్దున బోటు దిగి మధ్యాహ్నం విమానం ఎక్కేద్దాం, ఒక రాత్రి అద్దె మిగులుతుంది అని లెక్క వేసేవాళ్ళను చాలామందిని చూశాను. సముద్రం బాగాలేకపోతే బోట్లు ఆపేస్తారు, ఆపక తప్పదు. అప్పుడు పోయేది వెయ్యి రూపాయల అద్దె కాదు, కుటుంబం మొత్తానికి విమానం టికెట్లు.

పోర్ట్ బ్లెయిర్‌లో ఎటువైపు

ఇక్కడ మీకు కావలసింది రెండు రాత్రులు, వచ్చినప్పుడొకటి, వెళ్ళేముందొకటి. సెల్యులార్ జైలు, సాయంత్రం అక్కడి లైట్ అండ్ సౌండ్ షో, రాస్ ద్వీపం, చిడియా టాపు సూర్యాస్తమయం, ఈ రెండు రోజుల్లో సర్దుకోవచ్చు. 1906లో పూర్తయిన ఆ జైల్లో 696 ఏకాంత గదులు ఉండేవి, ఇప్పుడు మిగిలిన భాగం చూడటానికే రెండు గంటలు కావాలి, పిల్లలకు చరిత్ర చెప్పే ఓపిక ఉంటే ఇంకా ఎక్కువ. ఏ బడ్జెట్ అయినా దీన్ని మాత్రం వదలొద్దు.

బస విషయానికొస్తే నా ఓటు అబర్డీన్ బజార్‌కే. జైలుకి నడిచి వెళ్ళొచ్చు, బస్టాండు దగ్గర, టిఫిన్ సెంటర్లు, మందుల షాపులు, ఏటీఎంలు అన్నీ కాలినడకలో. గదులు చిన్నవి, కిటికీ తీస్తే ఎదురు గోడ కనబడొచ్చు, పొద్దున్నే బజారు చప్పుడు ఉంటుంది. అయినా ఇక్కడ మీరు ఉండేది నిద్రకు మాత్రమే. హడ్డో, ఫీనిక్స్ బే వైపు లాడ్జీలు తెల్లవారుజామున బోటు ఎక్కేవాళ్ళకు బాగుంటాయి, సాయంత్రం బయట తిరగడానికి అంత బాగోదు. ఎయిర్‌పోర్టు దగ్గర చవక రూములు చూసి ఆశపడకండి. విమానాశ్రయం ఊళ్ళోనే ఉన్నట్టు లెక్క, అబర్డీన్ నుంచి నాలుగైదు కిలోమీటర్లకు మించదు, దానికోసం బజారుకు దూరంగా దిగడంలో అర్థం లేదు. కార్బిన్స్ కోవ్ దగ్గర బీచి ఉంది కానీ, రెండు రోజుల్లో హావ్‌లాక్ చూడబోయేవాళ్ళు దానికి అదనంగా డబ్బు పెట్టనక్కర్లేదు.

మన తెలుగువాళ్ళకు ఇక్కడొక సౌకర్యం ఉంది. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ జనాభాలో సుమారు 13 శాతం మందికి మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు చాలా ఉన్నాయి, జంగ్లీఘాట్ వైపు వెళ్తే చేపల వ్యాపారంలో ఉన్న మనవాళ్ళు కనిపిస్తారు. ఆటో ఎక్కి హిందీలో తంటాలు పడుతుంటే డ్రైవరు "ఏ ఊరండీ మీది?" అని అడగడం ఇక్కడ వింతేం కాదు. పెద్దవాళ్ళను తీసుకెళ్తుంటే ఈ ధైర్యం చిన్నది కాదు. ఇడ్లీ, దోశ, సాంబారు అన్నం పోర్ట్ బ్లెయిర్‌లో తేలిగ్గా దొరుకుతాయి కాబట్టి తిండి బెంగ కూడా అక్కర్లేదు.

చిడియా టాపు, వండూర్ వైపు ప్రభుత్వ బస్సులు ఉన్నాయి. చిడియా టాపుకి బస్సులో వెళ్తే తిరుగు బస్సు ఎన్నింటికో దిగగానే కండక్టర్‌ను అడిగి పెట్టుకోండి, ఎందుకంటే ఇక్కడ చీకటి తొందరగా పడుతుంది. గడియారం మన ఐఎస్‌టీయే, ఊరేమో తూర్పున చాలా దూరంలో ఉంది. డిసెంబరులో సాయంత్రం ఐదింటికే సూర్యుడు దిగిపోతాడు, మే నెలలో కూడా ఐదున్నర ప్రాంతంలోనే. మీ రోజు ప్లానంతా దీన్నిబట్టి వేసుకోవాలి, తెల్లవారి ఐదున్నరకే లేచి బయటపడితేనే రోజు చేతికి దొరుకుతుంది.

హావ్‌లాక్: నాలుగు చోట్లు, నాలుగు రకాల ఖర్చు

ఇక్కడే చాలామంది డబ్బు పోగొట్టుకునేది, అందుకే కాస్త వివరంగా చెప్తాను.

జెట్టీ ద్వీపానికి ఉత్తరాన ఉంది. అక్కడి నుంచి తూర్పు తీరం వెంబడి రోడ్డు పోతుంది. రెండు కిలోమీటర్లకు గోవింద్‌నగర్, అంటే మూడో నంబర్ బజారు, ఇంకాస్త ముందుకు విజయ్‌నగర్, అంటే ఐదో నంబర్ బీచి, ఆ తర్వాత కాలాపత్థర్. గోవింద్‌నగర్ దగ్గర రోడ్డు చీలి ఒకటి ద్వీపానికి అడ్డంగా పడమటి వైపుకు, రాధానగర్ బీచికి పోతుంది. జెట్టీ నుంచి రాధానగర్ సుమారు 12 కిలోమీటర్లు. 2004లో టైమ్ పత్రిక ఆసియాలోకెల్లా మంచి బీచి అన్నది దీన్నే, ఆ మాట ఇప్పటికీ ప్రతి హోటలు ప్రకటనలోనూ వాడుకుంటున్నారు. మాటలో తప్పు లేదు, అంత అందమైన ఇసుక తీరం మన దేశంలో నేను ఇంకెక్కడా చూడలేదు.

మరి రాధానగర్‌లోనే దిగితే సరిపోదా అంటే, అక్కడ ఎక్కువగా ఉన్నవి ఖరీదైన రిసార్టులు. చవక బస తక్కువ, తిండికి దుకాణాలు కొన్నే, చీకటి పడ్డాక ఎటు వెళ్ళాలన్నా అడవి దారి. మీ బడ్జెట్ పెద్దదైతే వేరే విషయం, లేకపోతే రాధానగర్‌కు రోజూ వెళ్ళి రండి, అక్కడ దిగకండి. జెట్టీ నుంచి బజారు మీదుగా రాధానగర్‌కు ప్రభుత్వ బస్సు ఉంది, టికెట్ కొద్ది రూపాయలే. ఆటో అయితే అదే దూరానికి వందల్లో అడుగుతారు, సూర్యాస్తమయం అయ్యాక జనమంతా ఒకేసారి బయటికొస్తారు కాబట్టి బేరం కుదరదు. ఆఖరి బస్సు సమయం తెలుసుకుని దానికి పది నిమిషాల ముందే స్టాపులో నిలబడండి.

ఇక తూర్పు తీరం. ఇక్కడ తెలుసుకోవలసిన ముఖ్యమైన సంగతి ఆటుపోట్లు. విజయ్‌నగర్ వైపు సముద్రం పోటు మీద ఉన్నప్పుడు నీళ్ళు రిసార్టు మెట్ల దాకా వస్తాయి, ఆకుపచ్చ నీలం కలిసిన ఆ రంగు చూడటానికి కళ్ళు చాలవు. ఆటు సమయంలో అవే నీళ్ళు ఎక్కడికో వెనక్కి పోతాయి, రాళ్ళు, చచ్చిన పగడాలు బయటపడతాయి, ఈత కొట్టడానికి కాదు కదా కాలు పెట్టడానికి కూడా ఉండదు. ఫోటోల్లో మీకు చూపించేది పోటు సమయం మాత్రమే. "బీచ్ ఫ్రంట్" అని చెప్పి రాత్రికి వెయ్యో రెండు వేలో ఎక్కువ తీసుకునే గదికి, రోడ్డుకు ఇవతల తోటలో ఉన్న గదికి మధ్య నిజమైన తేడా రోజుకు కొన్ని గంటల దృశ్యమే. నడిస్తే మూడు నిమిషాల్లో అదే బీచికి చేరతారు, ఆ బీచి అందరిదీ. తోటలో గదే తీసుకోండి, ఆ డబ్బుతో ఒకసారి స్కూబా, అంటే గాలి సిలిండరుతో సముద్రం లోపలికి దిగడం, చేయండి.

గోవింద్‌నగర్‌లో దిగితే వచ్చే లాభం తిండి. బెంగాలీ కుటుంబాలు నడిపే చిన్న చిన్న హోటళ్ళు, అన్నం, పప్పు, కూర, చేపల పులుసు, కడుపునిండా పెడతారు. ఆవ నూనె వాసన మనకు కొత్తగా ఉండొచ్చు, ముందే చెబితే మామూలు నూనెతో చేసిపెట్టే ఇళ్ళు కూడా ఉన్నాయి. రిసార్టులో ఒక పూట భోజనం ఖరీదుకి ఇక్కడ ఇద్దరు తినొచ్చు. స్కూటీ నడపడం రానివాళ్ళు, పెద్దవాళ్ళతో వచ్చినవాళ్ళు, ఒంటరిగా వచ్చిన అమ్మాయిలు ఇక్కడే దిగితే మంచిది, రాత్రి ఎనిమిదింటికి కూడా వీధిలో మనుషులుంటారు, దీపాలుంటాయి, ఆటో కోసం వెతుక్కోనక్కర్లేదు.

విజయ్‌నగర్ స్కూటీ తీసుకునే జంటలకు, స్నేహితుల బృందాలకు. స్కూటీ అద్దె రోజుకు 500 ప్రాంతం నుంచి మొదలవుతుంది, సీజన్లో పెరుగుతుంది, ఇద్దరు తిరిగితే రెండు ఆటో ట్రిప్పుల్లో గిట్టుబాటు అవుతుంది. లైసెన్సు ఒరిజినల్ దగ్గర పెట్టుకోండి, తీసుకునేముందు బండికి ఉన్న గీతలన్నీ వీడియో తీసుకోండి. కాలాపత్థర్ దాకా వెళ్ళి దిగడం ప్రశాంతత కోసమే అయితే సరే, పొదుపు కోసం మాత్రం వద్దు.

వెదురు గుడిసెల గురించి అందరూ అడుగుతారు. జనవరి నుంచి మార్చి దాకా అవి హాయిగానే ఉంటాయి, ఫ్యాను చాలు, దోమతెర ఉందో లేదో చూసుకుంటే చాలు. వాన మొదలయ్యాక మాత్రం పరుపులు చెమ్మగిల్లుతాయి, బట్టలు ఆరవు, కరెంటు పోతే ఉక్కపోత. పెద్దవాళ్ళు, చిన్నపిల్లలు ఉంటే వెదురు గుడిసెకీ పక్కా గదికీ ఉండే ఆ ఐదారు వందల తేడాను చూసుకోకండి, పక్కా గదే తీసుకోండి. కుర్రాళ్ళకు డార్మిటరీ హాస్టళ్ళు కూడా వచ్చాయి, మంచం లెక్కన అద్దె. ఒంటరిగా వెళ్ళేవాళ్ళకు అంతకంటే మంచిది లేదు, స్కూటీకీ ఎలిఫెంట్ బీచి బోటుకీ ఖర్చు పంచుకునే తోడు అక్కడే దొరుకుతుంది.

స్కూబా కోసమే వెళ్తుంటే ఇంకో దారి ఉంది. కొన్ని డైవింగ్ సెంటర్లకు సొంత గదులు ఉంటాయి, కోర్సు చేసేవాళ్ళకు తక్కువకు ఇస్తారు. ఈత రానివాళ్ళతో కూడా శిక్షకుడు పక్కనే ఉండి ఒకసారి లోపలికి తీసుకెళ్ళి చూపిస్తారు, దానికి మూడున్నర వేల నుంచి ఆపైన ఖర్చవుతుంది. ఇక్కడ చవక చూడొద్దు. ఆస్తమా, గుండె సమస్య వివరాలు అడిగి ఫారం రాయించుకోని చోట, నీళ్ళలోకి దిగేముందు సైగలు నేర్పని చోట ఎంత తక్కువకిచ్చినా వెళ్ళకండి.

నీల్‌కి ఎక్కువ రాత్రులు ఇవ్వండి

ప్యాకేజీల్లో నీల్‌ని చూసే పద్ధతి నాకు నచ్చదు. హావ్‌లాక్‌లో రెండు మూడు రాత్రులు పెట్టి, నీల్‌లో పొద్దున దింపి సాయంత్రం బోటు ఎక్కిస్తారు, ఆటోలో మూడు బీచిలు తిప్పి ఫోటోలు తీయించి అయిందనిపిస్తారు. తక్కువ ఖర్చుతో నాలుగు రోజులు నిదానంగా గడపాలనుకునేవాళ్ళకు మాత్రం నీలే సరైన చోటు, నేనైతే హావ్‌లాక్‌లో రెండు, నీల్‌లో మూడు రాత్రులు పెట్టమంటాను.

ద్వీపం ఈ చివర నుంచి ఆ చివరకు ఐదారు కిలోమీటర్లే. సైకిల్ అద్దెకు తీసుకుంటే మొత్తం తిరగొచ్చు, దారి చాలావరకు సమంగానే ఉంటుంది, రెండువైపులా వరిచేలు, కూరగాయల తోటలు, అరటి, పోక చెట్లు. దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన శరణార్థులకు భూములిచ్చి స్థిరపరచిన ఊళ్ళివి. అండమాన్‌కు కూరగాయలు పండించే ద్వీపమని దీనికి పేరు, అందుకే శాకాహారులకు ఇక్కడ హావ్‌లాక్ కంటే తేలిక. భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, సీతాపూర్, రామ్‌నగర్ అని ఊళ్ళ పేర్లు వింటే మన పెద్దవాళ్ళకు ముచ్చటేస్తుంది.

భరత్‌పూర్ బీచి జెట్టీ పక్కనే. బ్యాగులు మోసుకుని నడిచి వెళ్ళగలిగే దూరంలో బస కావాలంటే ఇటువైపు, లేదా కొంచెం లోపలికి బజారు దగ్గర చూడండి. నీళ్ళు లోతు తక్కువ, అలలు ఉండవు, చిన్నపిల్లలకు బాగుంటుంది. పగలు బోట్లవాళ్ళ సందడి ఎక్కువ, పొద్దున ఎనిమిదికి ముందు వెళ్తే ఆ నీళ్ళన్నీ మీవే. లక్ష్మణ్‌పూర్ రెండు కిలోమీటర్లు, సూర్యాస్తమయం అక్కడే చూడాలి. ఆ దారిలో తోటల మధ్య ఉండే గుడిసెలు, హోమ్‌స్టేలు నాకు అన్నిటికంటే ఇష్టం, సాయంత్రం చూసి నడుచుకుంటూ గదికి వచ్చేయొచ్చు, ఆటో ఖర్చే లేదు. సీతాపూర్ తూర్పు చివర, సూర్యోదయం వైపు. అక్కడ దిగితే తిండికి గదివాళ్ళ మీదే ఆధారపడాలి, అలలు కూడా గట్టిగా ఉంటాయి.

రాతి వంతెన ఆకారంలో ఉన్న రాయి చూడాలంటే ఆటు సమయంలోనే వెళ్ళాలి, అప్పుడే గుంటల్లో చిక్కుకున్న రంగురంగుల చేపలు, సముద్ర దోసకాయలు అనే జీవులు కనిపిస్తాయి. పాకుడు పట్టిన రాళ్ళ మీద నడవాలి, హవాయి చెప్పులు పనికిరావు. పూటకోసం వచ్చినవాళ్ళకు ఆ వేళ కుదిరితే అదృష్టం, రాత్రి ఉన్నవాళ్ళకు ఎలాగూ ఏదో ఒక పూట కుదురుతుంది. నీల్‌లో ఉండిపోవడం వల్ల వచ్చే లాభం ఇదే.

ఇబ్బందులు కూడా చెప్పాలి కదా. నీల్‌లో ఏటీఎంను నమ్ముకోకుండా పోర్ట్ బ్లెయిర్‌లోనే నగదు తీసుకోండి. చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన కేబుల్ 2020 ఆగస్టులో మొదలయ్యాక ఇంటర్నెట్ చాలా మెరుగైంది గానీ, చిన్న ద్వీపాల్లో యూపీఐ పనిచేయని పూటలు ఉంటాయి. పెద్ద ఆసుపత్రి కావాలంటే పోర్ట్ బ్లెయిరే. రోజూ వేసుకునే మందులు నాలుగు రోజులకు ఎక్కువే ఉంచుకోండి.

దూరం వెళ్ళాలనుకునేవాళ్ళకు

పది రోజులకు పైగా ఉంటే డిగ్లీపూర్, లాంగ్ ఐలాండ్, లిటిల్ అండమాన్‌లోని హట్ బే ఉన్నాయి. గదులు చవక, జనం తక్కువ. డిగ్లీపూర్ దగ్గర రాస్ (పోర్ట్ బ్లెయిర్ దగ్గరి రాస్ కాదు), స్మిత్ అనే జంట ద్వీపాలను కలిపే ఇసుక దారి, 732 మీటర్ల శాడిల్ పీక్ ఉన్నాయి. కానీ పోర్ట్ బ్లెయిర్ నుంచి బస్సులో పొద్దున్నే బయల్దేరితే సాయంత్రానికి చేరతారు, అంటే రానూపోనూ రెండు పూర్తి రోజులు. మొదటిసారి వెళ్ళేవాళ్ళు వీటి జోలికి పోకపోవడమే మంచిది.

ఆ రోడ్డు జరావా తెగవారికి కేటాయించిన రిజర్వు ప్రాంతం గుండా వెళ్తుంది, వాహనాలు కాన్వాయ్‌గా మాత్రమే పోనిస్తారు. ఆపకూడదు, ఫోటోలు తీయకూడదు, తినేవి ఇవ్వకూడదు, అది చట్టం. "జరావాలను చూపిస్తాం" అని ఎవరైనా ఆశపెడితే ఆ బండి ఎక్కకండి. వాళ్ళ ఇంటి మధ్య నుంచి మనం వెళ్తున్నాం, వాళ్ళు చూడటానికి పెట్టిన వింత కాదు.

ఎప్పుడు వెళ్తే తగ్గుతుంది

క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా రేట్లు రెట్టింపు కూడా కావొచ్చు. దసరాకు, అంటే దుర్గాపూజ సెలవులకు, కలకత్తా జనం వస్తారు, అప్పుడూ రద్దీనే. తక్కువ ఖర్చు, మంచి సముద్రం రెండూ కలిసి దొరికేది ఫిబ్రవరి, మార్చిలో. మన పిల్లల సెలవులు ఏప్రిల్ చివర్లో మొదలవుతాయి, మే మొదటి పక్షం దాకా ఫర్వాలేదు, ఎండ బాగా ఉంటుంది, సముద్రం నిలకడగానే ఉంటుంది. మే ఇరవై ప్రాంతంలో నైరుతి రుతుపవనాలు మన దేశంలో మొదట తాకేది ఈ దీవులనే, ఆ తర్వాత గదులు సగం ధరకు ఇస్తామన్నా బోట్లు రద్దయ్యే ప్రమాదం కూడా ఆ ధరలోనే ఉందని గుర్తుంచుకుని వెళ్ళాలి.

సీజనులో అయితే అన్నీ ముందే బుక్ చేయండి. మిగతా నెలల్లో మొదటి రాత్రి మాత్రం బుక్ చేసుకుని, రెండో రోజు నడిచి చూసి నచ్చినదాంట్లో మూడు రాత్రులు అని బేరమాడితే ఆన్‌లైన్ కంటే తక్కువకే ఇస్తారు. ఫోన్ చేసినప్పుడు అడగవలసినవి కొన్ని ఉన్నాయి: బోటు ఉదయం ఎనిమిదికే దింపితే సామాను పెట్టుకోనిస్తారా, బోటు రద్దయితే అడ్వాన్సు తిరిగిస్తారా లేక తేదీ మారుస్తారా, కరెంటు పోతే జనరేటరు గదుల దాకా ఉందా లేక రిసెప్షన్‌కేనా, రాత్రి ఎన్నింటి దాకా భోజనం ఉంటుంది. రద్దు గురించి సూటిగా సమాధానం చెప్పని చోట అడ్వాన్సు కట్టకండి.

సముద్రంలో దిగేముందు మొసళ్ళ హెచ్చరిక బోర్డులు చూడండి. ఉప్పునీటి మొసళ్ళు ఈ దీవుల్లో నిజంగానే ఉన్నాయి, మడ అడవులు, వాగులు సముద్రంలో కలిసే చోట్లకు వెళ్ళకూడదు. గవ్వలు, పగడం ముక్కలు ఏరుకుని బ్యాగులో పెట్టుకోకండి, అది నేరం, విమానాశ్రయంలో తనిఖీ చేసి తీసేసుకుంటారు.

ఆఖరుగా, చాలామందికి ఉండేది మొత్తం నాలుగు రాత్రులే. అలాంటప్పుడు రెండు ద్వీపాలూ చూడాలన్న ఆరాటం వద్దు, పోర్ట్ బ్లెయిర్‌లో మొదటి, చివరి రాత్రులు పోగా మిగిలిన రెండూ ఒకే చోట ఉండండి. స్కూబా చేయాలి, రాధానగర్ చూడాలి అనుంటే హావ్‌లాక్, గోవింద్‌నగర్‌లో గది, బస్సులో రాధానగర్. చిన్నపిల్లలో, మోకాళ్ళ నొప్పులున్న అమ్మానాన్నలో వెంట ఉంటే నీల్, భరత్‌పూర్ దగ్గర పక్కా గది, నేల అంతస్తులో. రెండింట్లో ఏదైనా సరే, మూడో బోటు టికెట్ డబ్బులు మిగులుతాయి.